పిల్లికి షుగర్: ఇంట్లో గ్లూకోమీటర్ చాలాకాలం వాడాక

పిల్లికి షుగర్ ఉందని డాక్టర్ చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సూది. రోజుకు రెండుసార్లు పిల్లిని పట్టుకుని ఇంజెక్షన్ ఎలా వేయగలమన్నదే టెన్షన్. మాకూ అలాగే అనిపించింది. ఇంతకాలం ఇంట్లో చూసుకున్నాక మాత్రం ఒకటి గట్టిగా చెప్పగలను: మొదట కొనాల్సింది గ్లూకోమీటరు, మొదట చేయి తిరగాల్సిందీ దానితోనే. ఇన్సులిన్ సూది చాలా సన్నం. గిన్నెలో తిండి ఉంటే సూది పడిన సంగతి చాలా పిల్లులు పట్టించుకోవు కూడా. కానీ ఈ పూట ఈ మోతాదు వేయొచ్చా లేదా అన్నది పిల్లి వాలకం చూసి ఎవరూ చెప్పలేరు.

మేం వాడింది పెంపుడు జంతువుల కోసం తయారైన ఆల్ఫాట్రాక్ 2 మీటరు. మధ్యమధ్యలో ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సరు (ఒంటికి అంటించి ఉంచితే షుగర్‌ను వరుసగా చూపించేది) పెట్టించాం. ఇచ్చిన ఇన్సులిన్ గ్లార్జిన్ అనే రకం.

మావాడు న్యూటరింగ్ అయిన మగపిల్లి. బరువెక్కువ, వయసు మీద పడుతోంది, చిన్నప్పట్నుంచీ డ్రై ఫుడ్డే. షుగర్ వచ్చే పిల్లుల్లో ఇలాంటివే ఎక్కువట. నీళ్లగిన్నె వదలకపోవడం, లిట్టర్ బాక్సులో తడి ఉండలు పెద్దవవడం, బాగా తింటూనే చిక్కిపోవడం కనిపించాయి. తర్వాత వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడవడం మొదలుపెట్టాడు. షుగర్‌తో కాళ్ల నరాలు దెబ్బతిన్న పిల్లులు అలా నడుస్తాయి. అది చూసి మేం బాగా భయపడ్డాం. షుగర్ అదుపులోకి వచ్చాక నెలల మీద నెమ్మదిగా కోలుకున్నాడు, ఇప్పుడు మళ్లీ సోఫా మీదికి దూకుతున్నాడు.

పిల్లుల విషయంలో ఒక చిక్కుంది. భయపడితే చాలు, షుగర్ జబ్బు లేని పిల్లికి కూడా ఆసుపత్రి టేబుల్ మీద రీడింగ్ అమాంతం పెరుగుతుంది. అందుకే మా డాక్టర్ ఒక్క రీడింగ్‌తో సరిపెట్టకుండా మూత్రం చూశారు, ఫ్రక్టోసమీన్ పరీక్ష కూడా చేయించారు. ఆ పరీక్ష గడిచిన ఒకటి రెండు వారాల్లో షుగర్ ఎలా ఉందో చెబుతుంది. కాసేపటి భయంతో అది మారదు. జబ్బు తేలాక మోతాదు సరిచేసేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. బుట్టలో పెట్టి, కారులో తిప్పి, కుక్కల అరుపుల మధ్య తీసిన రీడింగ్‌ని బట్టి ఇన్సులిన్ పెంచితే, ఇంటికొచ్చి కుదుటపడ్డాక షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. తన దిండు మీద పడుకున్న పిల్లి చెవి నుంచి తీసిన బొట్టు చెప్పేదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

మనుషుల మీటరు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. మనిషి రక్తంలో గ్లూకోజు ఎర్రకణాల్లో కూడా గణనీయంగా ఉంటుంది. పిల్లిలో ఎక్కువ భాగం ప్లాస్మాలోనే ఉంటుంది. అందుకని మనుషుల మీటరు పిల్లి రక్తానికి సాధారణంగా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి తెలుసుకుని, డాక్టర్‌కి చెప్పి వాడుతూ పిల్లిని చక్కగా చూసుకుంటున్నవాళ్లు ఉన్నారు. నా ఓటు మాత్రం పిల్లుల మీటరుకే. ఏది తీసుకున్నా ఒక్కదానికే కట్టుబడండి. పొద్దున ఒక మీటరు, సాయంత్రం ఇంకో మీటరు అయితే ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు. ఆల్ఫాట్రాక్ 2లో స్ట్రిప్పుల డబ్బా మీద పిల్లికి ఒక కోడు, కుక్కకు ఒక కోడు ఉంటాయి. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ పిల్లి కోడు పెట్టామో లేదో చూసుకోవాలి.

ఇక చెవి సంగతి. దీపం వెలుతురులో చెవిని పట్టి చూస్తే అంచు వెంబడి సన్నటి రక్తనాళం కనిపిస్తుంది. గుచ్చాల్సింది ఆ రక్తనాళానికీ అంచుకీ మధ్యనున్న సన్నటి జాగాలో. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు, కాబట్టి ముందు బొటనవేలితో నెమ్మదిగా రుద్ది వెచ్చబరచాలి. చలిగా ఉన్న రోజుల్లో గోరువెచ్చటి గుడ్డ కాసేపు ఆనిస్తాం. తడి అంటితే రక్తం పల్చనవుతుంది కాబట్టి తర్వాత పొడిగా తుడవాలి. చెవి వెనక దూది పెట్టుకుంటే మన వేలికి గుచ్చుకోదు. గుచ్చే చోట వాజలైన్ చాలా పల్చగా రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకిపోకుండా ముత్యంలా నిలుస్తుంది. కావాల్సింది 0.3 మైక్రోలీటర్లే. స్ట్రిప్పు కొసను బొట్టుకు తాకిస్తే అదే పీల్చుకుంటుంది. రీడింగ్ వచ్చేలోపు దూదితో చెవిని రెండు వైపుల నుంచీ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అలా నొక్కితే చెవి కమిలిపోదు, మర్నాడు అదే చెవి చూపించడానికి పిల్లి మొండికేయదు. చెవి అసలు ముట్టనివ్వని పిల్లులకు పాదం కింది మెత్త దగ్గర తీస్తారు.

ప్రతిసారీ అయిపోగానే ట్రీటు ఇస్తాం. రక్తం వచ్చినా రాకపోయినా ఇస్తాం. ఇప్పుడు మీటరు పౌచ్ జిప్పు చప్పుడు వినబడితే ఎక్కడున్నా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు.

మీటరులో నచ్చనివీ ఉన్నాయి. రక్తం కొంచెం తక్కువైతే ఎర్రర్ చూపించి స్ట్రిప్పు వృథా అవుతుంది. ఖర్చంతా స్ట్రిప్పుల్లోనే ఉంది. ఒకే బొట్టుకు రెండుసార్లు చూస్తే రెండు అంకెలు వస్తాయి. ఇంట్లో వాడే ఏ మీటరుకైనా ఆ మాత్రం తేడా మామూలే. 300కీ 330కీ మధ్య తేడా చూసి కంగారుపడక్కర్లేదు. కిందివైపు మాత్రం ఆ ధీమా పనికిరాదు. 65 అని చూపిస్తే అది నిజానికి 55 అయ్యుండొచ్చు అనుకునే మెలగాలి.

ఇవన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతున్న అంకెలు. కొత్తవాళ్లు పిల్లి రీడింగ్ మనుషుల్లా వందకు అటూ ఇటూ రావాలని ఆశించి కుంగిపోతారు. పిల్లి రక్తంలో షుగర్ దాదాపు 250 దాటి పైకి వెళ్లాకే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, నీళ్లను కూడా లాక్కుపోతుంది. ఆ దాహం, ఆ చిక్కిపోవడం అంతా అక్కడి నుంచే. రోజులో ఎక్కువసేపు ఆ గీత కింద ఉంచగలిగితే పిల్లి తెరిపిన పడుతుంది. ఇన్సులిన్ గట్టిగా పనిచేసే వేళ వచ్చే అతి తక్కువ రీడింగ్ 80 నుంచి 150 మధ్య ఉండాలన్నది మా డాక్టర్ పెట్టిన గురి. 60 కిందికి వస్తే ప్రమాదం.

ఆ అతి తక్కువ రీడింగ్ ఎప్పుడు వస్తుందో తెలియాలంటే, ఇంట్లో తీరిగ్గా ఉన్న రోజున ఒక సూదికీ మరో సూదికీ మధ్య 12 గంటల పాటు ప్రతి రెండు గంటలకూ చూడాలి. దీన్ని గ్లూకోజ్ కర్వ్ అంటారు. పొద్దున సూదికి ముందు ఎప్పుడూ 300 చిల్లర వస్తుంటే మోతాదు చాలట్లేదనిపించేది. కర్వ్ తీస్తే మధ్యాహ్నానికి 110కి దిగుతున్నట్టు తేలింది. పొద్దుటి అంకె ఒక్కటే చూసి పెంచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. గ్లార్జిన్ మోతాదు మార్చిన తర్వాత దాని అసలు ఫలితం తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. మార్చితే పావు యూనిట్, అర యూనిట్ చొప్పున, అదీ డాక్టర్ చెబితేనే. రీడింగ్ ఎంతకన్నా తక్కువుంటే సూది ఆపి ఫోన్ చేయాలో ఆయన ఒక అంకె రాసిచ్చారు, ఫ్రిజ్ తలుపుకు అంటించాం. ఆ అంకె పిల్లిని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ చెప్పను, మీ డాక్టర్‌నే రాసిమ్మనండి.

ఒక సాయంత్రం సూదికి ముందు చూస్తే 58 వచ్చింది. మావాడు ఎప్పటిలాగే తోక నిక్కబొడుచుకుని గిన్నె చుట్టూ తిరుగుతున్నాడు. తూలడం లేదు, వణుకు లేదు. మీటరు లేకపోతే వేళకు సూది పడిపోయేదే. వెంటనే తిండి పెట్టి డాక్టర్‌కి ఫోన్ చేశాం. ఆయన చెప్పినట్టు చిగుళ్లకు కాస్త తేనె రాసి, పావుగంటకోసారి చూస్తూ పోయాం. ఆ రాత్రికి సూది లేదు. పిల్లి తూలుతున్నా, డీలాపడినా చిగుళ్లకు తేనె రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పోయకూడదు, వేలు పెట్టకూడదు.

ఆ 58 వెనక మంచి కబురే ఉంది. క్లోమం మళ్లీ కొంత ఇన్సులిన్ తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. తొందరగా గుర్తించి, షుగర్ త్వరగా అదుపులోకి తెస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తప్పిపోతుంది. దాన్నే రెమిషన్ అంటారు. మావాడికి తిండి మార్చడం కూడా కలిసొచ్చింది: డ్రై ఫుడ్ మానేసి పిండిపదార్థాలు తక్కువుండే వెట్ ఫుడ్‌కి వచ్చాం. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి డాక్టర్‌తో చెప్పకుండా తిండి మార్చొద్దు. పిండి తగ్గితే షుగరూ తగ్గుతుంది, పాత మోతాదే ఎక్కువైపోతుంది.

మోతాదు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోయింది. మీటరు మాత్రం అటకెక్కించలేదు, వారానికోసారి చూస్తూనే ఉన్నాం. చాలాకాలం హాయిగా గడిచాక ఒక వారం 190, తర్వాతి వారం 240 వచ్చాయి. దాహం ఇంకా పెరగలేదు, బరువు తగ్గలేదు. అప్పుడే పట్టుకున్నాం కాబట్టి చిన్న మోతాదుతో సరిపోయింది, ఇప్పటికీ దాని మీదే ఉన్నాడు.

సెన్సరు గురించి కొంచెం. భుజం మీద బొచ్చు తీసి అంటిస్తారు. 14 రోజులు పనిచేసేలా చేసిందే అయినా పిల్లి ఒంటి మీద అన్నాళ్లు నిలవడం అదృష్టమే. మావాడు ఒకసారి గోడకు రుద్దుకుని ఊడబెరికాడు. అది రక్తంలో కాకుండా చర్మం కింది ద్రవంలో చూస్తుంది కాబట్టి కాస్త వెనకబడి చెబుతుంది. ఆ వైపు ఒత్తిగిల్లి పడుకుంటే లేని లో షుగర్ చూపిస్తుంది. అర్ధరాత్రి, తెల్లవారుజామున ఏం జరుగుతోందో చూపించడంలో మాత్రం దానికి సాటి లేదు. కొత్తలో ఒకసారి, మోతాదు పెద్దగా మారినప్పుడు ఇంకోసారి పెట్టించుకోవచ్చు. మరీ తక్కువ చూపించినప్పుడు మీటరుతో సరిచూడాల్సిందే.

సిరంజిల దగ్గర ఒక్క విషయం చాలా ముఖ్యం. పిల్లులకు వాడే ఇన్సులిన్లు ఎక్కువగా యూ-40, యూ-100 (మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు) అని రెండు గాఢతల్లో వస్తాయి, సిరంజిలూ అంతే. గ్లార్జిన్ యూ-100గా వాడాం. పిల్లులకిచ్చే ప్రోజింక్, కానిన్సులిన్ అనే ఇన్సులిన్లు యూ-40. సీసా ఒకటి, సిరంజి మరొకటి అయితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజి అడిగి తీసుకోండి. గ్లార్జిన్ సీసాను గిలకొట్టకూడదు, కానిన్సులిన్‌ను బాగా కలపాలి. వాడేదాని కాగితం చదవండి. మెడ మీద కంటే పక్కటెముకల వైపు, రోజుకో చోట మార్చి వేస్తాం. వేశాక బొచ్చు తడిగా తగిలి మందు వాసన వస్తే ఇన్సులిన్ బయట పడిందన్నమాట. ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కాబట్టి మళ్లీ వేయకూడదు. ఒక పూట షుగర్ ఎక్కువుంటే నష్టం లేదు, రెండు మోతాదులు పడితే ప్రాణం మీదికొస్తుంది.

నోటి మందులు కూడా వచ్చాయి: అమెరికాలో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు 2022లో, వెలాగ్లిఫ్లోజిన్‌కు 2023లో అనుమతి వచ్చింది. అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే అవి. వాటితో రక్తంలో షుగర్ బాగున్నా కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు తయారయ్యే పదార్థాలు) పెరిగి ప్రమాదం రావచ్చు కాబట్టి మీటరు ఒక్కటే చాలదు, కీటోన్లు కూడా చూడాలి. మేం వాడలేదు. ఏ మందు మీదున్నా సరే, షుగర్ పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీరసంగా మూల పడుకుంటే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఊరెళ్లాల్సి వస్తే మా చెల్లి చూసుకుంటుంది. తనకు ముందు నేర్పింది చెవి నుంచి రక్తం తీయడమే, సూది తర్వాతే. తను రీడింగ్ ఫొటో పంపుతుంది, నేను చూసి సరే అన్నాకే సిరంజి తీస్తుంది. పిల్లిని ఎవరికైనా అప్పగించేటప్పుడు ఈ ఏర్పాటు ముందే చేసుకోండి, రెండు మూడు పూటలు మీ ఎదురుగా వాళ్లచేత చేయించండి.