బరంపురం నుంచి విశాఖ రిహాబ్‌కు ‘బెడ్ టు బెడ్’ షిఫ్టింగ్ సర్వీసు: బండికి నాలుగు మార్కులు, అప్పగింతకు ఒకటిన్నర

పక్షవాతం వచ్చిన మామ్మనో, తుంటి ఎముక ఆపరేషన్ అయిన తాతగారినో బరంపురం, భువనేశ్వర్ రిహాబ్ (పునరావాస చికిత్స) కేంద్రాల నుంచి విశాఖకు మార్చుకునే తెలుగు కుటుంబాలు ఒడిశా గంజాం జిల్లాలో తక్కువేమీ కాదు. పిల్లలు విశాఖలో ఉంటారు, పెద్దావిడకు తెలుగులో తప్ప ప్రాణానికి హాయి ఉండదు. ఈ అవసరం చూసే ప్రైవేటు అంబులెన్సు వాళ్లు ‘బెడ్ టు బెడ్’ అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. ఇక్కడి మంచం మీంచి ఎత్తి అక్కడి మంచం మీద దించేదాకా పూచీ తమదే అంటారు. ఇది ఏ ఒక్క ఆపరేటరు గురించో రాసినది కాదు, ఆ ప్యాకేజీలో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నదాని గురించి. 108ని దీనికి లెక్కలో వేసుకోవద్దు. అది అత్యవసరానికి, రాష్ట్రం దాటించి ప్రైవేటు రిహాబ్‌లో దించడానికి కాదు.

అయిదుకి మార్కులు వేస్తే బండికి 4, అటెండెంటుకు 3, కొత్త వార్డుకు అప్పగింతకు 1.5. రోడ్డు మీద జరిగే నష్టం కన్నా చేరిన రోజు రాత్రి కొత్త వార్డులో జరిగే నష్టమే ఎక్కువ. ప్యాకేజీ ఖాళీగా వదిలేసే చోటూ అదే.

ముందు బండి. అంబులెన్సులకు ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. అందులో బి టైపు అంటే పేషెంటును మోసుకెళ్లే మామూలు బండి, సి టైపు అంటే బేసిక్ లైఫ్ సపోర్ట్, డి టైపు అంటే వెంటిలేటరు దాకా ఉండే అడ్వాన్స్‌డ్ బండి. ఫోన్లో అందరూ ‘ఐసీయూ అంబులెన్స్’ అనే చెబుతారు. బీపీ, ఊపిరి నిలకడగా ఉండి, ఆక్సిజన్ లేకుండా లేదా కొద్దిపాటి ఆక్సిజన్‌తో ఉన్నవారికి సి టైపు చాలు. గొంతుకు ట్రకియాస్టమీ ట్యూబు (ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి పెట్టే గొట్టం) ఉంటే మాత్రం డి టైపుకే వెళ్లండి. బ్యాటరీ మీద నడిచే, కఫం లాగే సక్షన్ మెషీను, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబు బ్యాగు, అదే సైజు ట్యూబు ఒకటి, దానికన్నా ఒక సైజు చిన్నది ఇంకొకటి బండిలో కళ్లతో చూశాకే పేషెంటును ఎక్కించండి. సక్షన్ మెషీను స్విచ్ వేయించి, చెంబులో నీళ్లు పోసి లాగించి చూడాలి. ఛార్జింగు లేని మెషీన్లు మామూలే.

ఆక్సిజన్ లెక్క ఇంట్లోవాళ్లే వేసుకోవచ్చు. బి టైపు సిలిండరు (ఇది సిలిండరు సైజు, బండి టైపు కాదు) నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. గేజి ముల్లు 150 దగ్గరుంటే నిండు, 75 దగ్గరుంటే సగం. నిమిషానికి 2 లీటర్లు పెట్టే మనిషికి సగం సిలిండరు ఆరు గంటలు వస్తుంది. 4 లీటర్లు పెడితే మూడు గంటలే, అంటే శ్రీకాకుళం చేరేసరికి అయిపోతుంది. బరంపురం నుంచి విశాఖ సుమారు 270 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఆరు గంటలు వేసుకోండి. ప్రయాణానికి పట్టే దానికి రెట్టింపు గ్యాస్ లేకపోతే బండి కదలనివ్వొద్దు.

స్ట్రెచరు మీద పరుపు పల్చగా ఉంటుంది. వార్డులో గాలి పరుపు మీద పడుకున్న మనిషిని దీని మీద ఆరు గంటలు వెల్లకిలా ఉంచితే నడుం కింద తోలు దెబ్బతినడం ఖాయం. మరీ సన్నగా ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి ఇంకా తొందరగా. ఇంటి నుంచి నాలుగంగుళాల ఫోము ముక్క తీసుకెళ్లి పరిపించండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మొదటిసారి పలాస దగ్గర, రెండోసారి శ్రీకాకుళం దాటాక రణస్థలం దగ్గర పది నిమిషాలు ఆపమని బయల్దేరే ముందే డ్రైవరుతో ఖాయం చేసుకోండి. పూర్తిగా పక్కకు పడుకోబెట్టక్కర్లేదు, వీపు వెనక దిండు దూర్చి ఓ 30 డిగ్రీలు వాలిస్తే చాలు. దిగాక నడుం కింద ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడండి. వేలు తీసినప్పుడు తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే భయం లేదు. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఈ తేడా కంటికి అందదు. అక్కడ పక్క తోలుతో పోల్చి వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తోనే చూడాలి.

అటెండెంటుకు మూడు మార్కులే ఎందుకంటే ఎత్తే పద్ధతి సరిగా లేదు. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి పట్టుకు లాగుతారు. ఆ భుజానికి కండరాల పట్టు ఉండదు కాబట్టి కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి థెరపీని అడ్డుకుంటుంది. దుప్పటి కింద పరిచి నలుగురు నాలుగు మూలలా పట్టుకుని ‘ఒకటి, రెండు, మూడు’ అని ఒక్కసారే ఎత్తాలి. తుంటి కీలు మార్చిన వారికి కాళ్ల మధ్య దిండు కట్టే ఉంచాలి, తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు పడకూడదు. అందుకే వాళ్లను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోవడం పనికిరాదు.

మూత్రం సంచి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రతిసారీ అక్కడే తప్పు జరుగుతుంది. స్ట్రెచరు ఎత్తేటప్పుడు చేతికి అడ్డమని సంచిని తీసి పేషెంటు పొట్ట మీద పెడతారు. సంచిలోది వెనక్కి పారుతుంది, రెండు మూడు రోజులకు చలిజ్వరం వస్తుంది, కొత్త కేంద్రం వాళ్లు ‘అక్కడి నుంచే తెచ్చారు’ అంటారు. సంచి ముందే ఖాళీ చేసి, ఎప్పుడూ పొట్ట కన్నా కిందనే వేలాడదీయించండి. నేలకు మాత్రం తగలకూడదు. ముక్కు గొట్టం ఉన్నవారికి బయల్దేరడానికి రెండు గంటల ముందే ఆఖరి ఫీడు అయిపోవాలి, తల వైపు 30 డిగ్రీలకు తక్కువ కాకుండా ఎత్తి ఉండాలి. గొట్టం మీద ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గీత ఉందో రాసుకోండి. దిగాక ఆ గీత మారి ఉంటే గొట్టం జరిగినట్టు, మళ్లీ సరిచూడకుండా చుక్క నీళ్లు కూడా పోయకూడదు.

షుగరు ఉన్నవారి విషయంలో ఇంకొక మాట. అలవాటు ప్రకారం పొద్దున ఇన్సులిన్ వేసేస్తారు, ప్రయాణమని ఫీడు ఆపేస్తారు. సోంపేట దాటేసరికి షుగరు 70 కిందికి పడిపోతుంది, పెద్దాయన నిద్రపోతున్నాడనుకుంటారు. ఆ పూట డోసు ఎంతో ముందు రోజే డాక్టరు చేత రాయించండి, గ్లూకోమీటరు చేతి సంచిలోనే ఉంచండి. డయాలసిస్ మీద ఉన్నవారైతే డయాలసిస్ అయిన మర్నాడు బయల్దేరడం మేలు.

బిల్లు గురించి క్లుప్తంగా. రేటు రానూపోనూ కిలోమీటర్ల మీద కడతారు, దానికి వెయిటింగు, ఆక్సిజను, అటెండెంటు కలుపుతారు. అన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. జాతీయ రహదారి మీద అంబులెన్సుకు టోలు మినహాయింపు ఉంది. బిల్లులో టోలు కనిపిస్తే కొట్టేయించండి.

కొరాపుట్, జయపురం నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగేవాళ్లకు మలుపుల్లో వాంతి పెద్ద గండం. మింగడం కుదరని మనిషికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఘాట్ దిగేదాకా ఒక మనిషి తల దగ్గరే కూర్చుని, వాంతి వస్తే వెంటనే పక్కకు తిప్పాలి.

ఇక అప్పగింత. ప్యాకేజీ ప్రకారం అటెండెంటు డిశ్చార్జి సమ్మరీ కవరు కొత్త వార్డు సిస్టరు చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటాడు. అంతటితో అతని పని అయిపోయింది. ఆ కవరులో లేనివే ప్రాణం మీదికి తెస్తాయి. అవి కుటుంబమే సిద్ధం చేసుకోవాలి.

మొదటిది, ఆఖరి డోసుల కాగితం. ఏ మందు, ఎంత, చివరిసారి ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాతది ఎన్ని గంటలకు అనే నాలుగు గడులు చాలు. ఫిట్స్‌కు లెవెటిరాసెటామ్ పొద్దున 8కి ఇచ్చి పంపుతారు. సాయంత్రం 5కి చేరితే డ్యూటీ డాక్టరు మందులన్నీ ‘రేపు ఉదయం నుంచి’ అని రాస్తాడు. రాత్రి 8 డోసు ఎగిరిపోతుంది, తెల్లారేలోపు ఫిట్స్ రావచ్చు. రక్తం పలచబరిచే మందుల్లో దీనికి వ్యతిరేకం, ఒకే రోజు రెండుచోట్లా ఇచ్చేస్తారు. ఇంకో చిక్కు: మందుల కవర్ల మీద పాత వార్డు సిస్టర్లు ‘సకాళె’, ‘రాతిరె’ అని ఒడియా లిపిలో రాసి ఉంటారు. విశాఖలో అది చదవగలిగేవాళ్లు అరుదు. కవర్లన్నిటి మీదా ‘పొద్దున’, ‘రాత్రి’ అని తెలుగులో స్కెచ్ పెన్నుతో మళ్లీ రాయండి.

రెండోది, డిశ్చార్జి ఏ పేరుతో ఇచ్చారన్నది. కుటుంబం అడిగి తీసుకుపోతుంటే కొన్నిచోట్ల ‘లామా’, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లారని రాసేస్తారు. ఆ ముద్ర పడితే ఇన్సూరెన్సు క్లెయిముకు ఇబ్బంది. ‘కోరిక మీద డిశ్చార్జి, తదుపరి రిహాబ్‌కు రిఫర్’ అని రాయమని మర్యాదగా, గట్టిగా అడగండి. స్కానుల ఫిల్ములే కాకుండా సీడీ కూడా కావాలి. యూరిన్ కల్చరు (మూత్రంలో సూక్ష్మజీవుల పరీక్ష) చేసుంటే ఆ రిపోర్టు తప్పనిసరి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది.

మూడోది, మింగడం. పాత చోట నీళ్లు చిక్కగా కలిపి ఇస్తుంటే ఆ చిక్కదనం ఎంతో అంకెలో రాయించండి. కొలిచే పద్ధతి సులువు. 10 మి.లీ. సిరంజి, 0 నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉండేది తీసుకుని, కింద వేలుతో మూసి 10 గీత దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు వదిలి మళ్లీ మూయండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే లెవెల్ 1, 4 నుంచి 8 మిగిలితే లెవెల్ 2, 8 దాటి మిగిలినా కొంతైనా కారితే లెవెల్ 3. ఈ అంకె కొత్త కేంద్రం వంటగదికి చేరకపోతే మొదటి రాత్రే ప్రేమగా పల్చటి చారన్నం కలిపి పెడతారు. చారు పొరపోతుంది, న్యుమోనియా వస్తుంది. మంచం తల దగ్గర పెద్దక్షరాలతో ‘పల్చటివి ఇవ్వొద్దు, లెవెల్ 2’ అని అట్ట కట్టండి.

నాలుగోది బార్తెల్ స్కోరు. తినడం, నడవడం లాంటి రోజువారీ పనులు మనిషి ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచేది, పది అంశాలకు 100 మార్కులు. ‘పురోగతి ఉంది’ అన్న మాట వద్దు, ఏ అంశానికి ఎంతో విడివిడిగా రాయించండి. కొత్తచోట చేరిన రోజే లెక్కేస్తే ప్రయాణ బడలికకు మార్కులు తగ్గుతాయి, మనిషి దిగజారాడని ఇంట్లోవాళ్లు బెంగపడతారు. 48 గంటలు ఆగి వేయమనండి.

భాష కోసమే మారుస్తున్నారు కాబట్టి ఆ పని సగంలో వదలకండి. మామ్మ ఏ వస్తువును ఏమంటుందో ఒక కాగితం రాసి స్పీచ్ థెరపిస్టుకివ్వండి. బరంపురం తెలుగులో ఒడియా మాటలు కలగలిసి ఉంటాయి. మామ్మ ‘పఖాళ’ అంటే చద్దన్నం అడుగుతోందని విశాఖ థెరపిస్టుకు తెలియకపోతే దాన్ని అర్థంలేని పలుకుగా రాసుకుంటారు, స్కోరు అన్యాయంగా పడిపోతుంది. మనవల పేర్లు, రోజూ మొక్కే దేవుడి పేరు కూడా ఆ కాగితంలో ఉండాలి. కళ్లజోడు, పళ్ల సెట్టు, వినికిడి మిషను చేతి సంచిలోనే పెట్టండి. అవి లేని పెద్దవాళ్లకు కొత్తచోట రాత్రిపూట మతిచెదరడం ఎక్కువ.

ఆయుష్మాన్ కార్డు సంగతి: 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. రాష్ట్రం దాటినా చెల్లుతుంది, కాకపోతే ఆ కేంద్రం పథకంలో ఉండాలి, ఆ చికిత్స ప్యాకేజీల్లో ఉండాలి. రెండూ రాతపూర్వకంగా తేల్చుకోండి. ఒడిశా రేషన్ కార్డుతో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించదు. విశాఖ కన్నా ప్రభుత్వ కేంద్రమే ముఖ్యమనుకునేవారికి కటక్ జిల్లా ఒలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది.

బుక్ చేసేముందు కొత్త కేంద్రం లిఫ్టు లోపలి లోతు టేపుతో కొలవండి. ఇంటిని రిహాబ్‌గా మార్చిన భవనాల్లో లిఫ్టు నాలుగున్నర అడుగులకు మించదు, ఆరడుగులు దాటిన స్ట్రెచరు అందులో పట్టదు. అప్పుడు మెట్ల మీద దుప్పట్లో మోస్తారు. తుంటి ఆపరేషన్ వారికి అది అస్సలు కూడదు, కింది అంతస్తు మంచమే అడగండి. సోమవారం నుంచి గురువారం లోపు, పొద్దున ఆరింటికే బయల్దేరాలి. మధ్యాహ్నానికి చేరితే డాక్టరు, డైటీషియను, థెరపిస్టు ముగ్గురూ ఉంటారు. శనివారం సాయంత్రం చేరిస్తే సోమవారం దాకా మనిషి మంచానికే. ఆ మొదటి రాత్రి ఇంటి మనిషి ఒకరు పక్కనే ఉండి, 8 గంటల మందు ట్రేలో వచ్చినప్పుడు ఆఖరి డోసుల కాగితం పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూడాలి.