డీమ్యాట్ ఖాతా: శ్రీకాకుళంలో ఉండి కొన్నేళ్లు వాడాక

డీమ్యాట్ ఖాతా (కొన్న షేర్లు ఉండే ఖాతా) పది నిమిషాల్లో తెరవచ్చని ప్రకటనల్లో చెప్పేది అబద్ధమేమీ కాదు, కాకపోతే ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో మీ పేరు ఒకేలా ఉండాలి. మనవాళ్లకు తేడా కొట్టేది అక్కడే. నాకు ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాన్‌లో అది చివరికి పోయింది, పాస్‌బుక్‌లో ఉన్నది ఒక్క ఇనీషియలే. పేరు సరిచూడటానికి బ్రోకర్ (మన తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే సంస్థ) మన బ్యాంకు ఖాతాలో ఒక్క రూపాయి వేస్తాడు. ఆ రూపాయి వచ్చిపడింది గానీ పేరు కలవలేదని దరఖాస్తు వెనక్కి కొట్టారు, బ్యాంకుకెళ్లి పాన్‌లో ఉన్నట్టు మార్పించుకుంటే గానీ పని జరగలేదు. అందుకే యాప్ దించుకోకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆధార్‌కి లింకైన ఫోన్ మీ దగ్గరే ఉందో లేదో కూడా (మా వైపు పెద్దవాళ్లకు చాలామందికి అది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న కొడుకు నంబరు). మిగతాదంతా సులువే, తెల్ల కాగితం మీద సంతకం, సెల్ఫీ, అయిపోయింది.

నాకు మొదట ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లోని ఒక బ్యాంకులో ఖాతా ఉండేది, తర్వాత డిస్కౌంట్ బ్రోకర్ (సలహాలివ్వకుండా తక్కువ ఛార్జీకి యాప్‌లో పని జరిపే బ్రోకర్) దగ్గర ఇంకోటి తెరిచాను. బ్యాంకులో మనిషి ఎదురుగా కూర్చుని చెబుతాడు, నిజమే, కానీ ప్రతి కొనుగోలుకీ బ్రోకరేజీ, ఏటా మెయింటెనెన్స్ ఛార్జీ. 2024 సెప్టెంబరు నుంచి సెబీ (షేర్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ) నిబంధన ప్రకారం షేర్ల విలువ 4 లక్షల లోపుంటే బేసిక్ ఖాతాకి (చిన్న మదుపరుల కోసం పెట్టిన డీమ్యాట్) ఆ మెయింటెనెన్స్ ఛార్జీ సున్నా, అయితే మీ పేరు మీద ఒక్క డీమ్యాటే ఉండాలి. ఆ సంగతి తెలిశాక షేర్లన్నీ కొత్తదాంట్లోకి మార్చి పాతది మూసేశాను, మార్చినందుకు పైసా తీసుకోలేదు.

కొన్నప్పుడు తెలియదు, అమ్మినప్పుడు తెలుస్తుంది ఖర్చు. ఒక కంపెనీ షేరు ఒకటి అమ్మినా వంద అమ్మినా ఆ రోజుకి డీపీ ఛార్జీ (షేర్లు మన డీమ్యాట్‌లోంచి బయటికి పంపినందుకు పడేది) ఒకటే, పైన 18 శాతం జీఎస్టీ. రెండొందల రూపాయల షేరు ఒక్కటి అమ్మి చూడండి, ఏం మిగులుతుందో. డబ్బులు మాత్రం 2023 జనవరి నుంచి మరుసటి పనిదినానికే వస్తున్నాయి, అది బాగుంది.

యాప్ సంగతి. 2024 జూన్ 4న ఓట్ల లెక్కింపుతో ఊరంతా టీవీల ముందుంటే సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది, నా యాప్‌లో గుండ్రం తిరుగుతూనే ఉంది, ధర కూడా కనపడలేదు. సిప్‌ల (నెలనెలా కొంత డబ్బు పెట్టుకుంటూ పోవడం) వాడిని కాబట్టి నాకు టెన్షన్ లేదు. రోజూ కొని అమ్మేవాళ్లయితే ఒక్క యాప్‌ని నమ్ముకోవద్దు. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే ముందు ముందు ధర ఎటు పోతుందో దాని మీద పెట్టే రిస్కు బేరాలు) తెరవమని యాప్ నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది, ఆదాయం రుజువు పెట్టమంటుంది, నేను పెట్టను. అందులో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది మూడేళ్లలో నష్టపోయారని సెబీయే 2024లో లెక్క చెప్పింది, ఇంకా ఏం కావాలి?

నామినీ పని తర్వాత చూద్దాంలే అనుకోకండి. ఇంతకుముందు ముగ్గురినే పెట్టనిచ్చేవారు, ఇప్పుడు పది మంది దాకా పెట్టుకోవచ్చు. లావాదేవీ జరిగిన నెలల్లో డిపాజిటరీ (మన షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థ) నుంచి మెయిల్‌కి స్టేట్‌మెంట్ వస్తుంది, దాన్ని తెరిచే పాస్‌వర్డ్ పెద్దక్షరాల్లో మన పాన్ నంబరే, ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి.