గుంటూరులో కుటుంబ మధ్యవర్తిత్వ సేవ: మా కుటుంబ అనుభవం

మా అక్క విడాకుల విషయాన్ని, రెండో తరగతి చదువుతున్న ఆమె కొడుకు ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలన్న విషయాన్ని కోర్టులో వాదించుకోకుండా, గుంటూరు బ్రాడీపేటలోని ఒక ప్రైవేటు మధ్యవర్తి వద్ద తేల్చుకున్నాము. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున ఆ మధ్యవర్తి పేరు రాయడం లేదు.

ఇది మనకు అలవాటైన పెద్దమనుషుల పంచాయితీ కాదు. పంచాయితీలో తప్పు ఎవరిదో పదిమంది కలిసి తేలుస్తారు. గట్టిగా మాట్లాడే మనిషి వెనక లేకపోతే ఆడపిల్ల మాట అక్కడ చెల్లదు. ఇక్కడ మధ్యవర్తి మొదటి రోజే మా నాన్నగారిని, బావగారి అన్నయ్యను, నన్ను బయటి గదిలో కూర్చోబెట్టి, "నిర్ణయం వాళ్లిద్దరిదండీ, మీ సలహా కావలసి వస్తే వాళ్లే వచ్చి అడుగుతారు" అన్నారు. నాన్నగారు నొచ్చుకున్నారు. కానీ పెళ్లయిన తరువాత అక్క తన మాట తాను పూర్తిగా చెప్పుకోగలిగింది ఆ గదిలోనే.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది పిల్లవాడి ఏర్పాట్ల మీద మధ్యవర్తి చూపిన శ్రద్ధ. బాబును దింపి రావడం, తీసుకురావడం నా పనే కాబట్టి ఆ రోజు ఇద్దరి సమ్మతితో నన్నూ లోపలికి పిలిచారు. ఆమె గోడ క్యాలెండరు తీసి బల్ల మీద పరిచి, స్కూలు సెలవులను పెన్సిలుతో గుర్తు పెట్టించారు. బావగారు ఉండేది విజయవాడ పటమటలో. శనివారం సాయంత్రం మంగళగిరి బస్టాండులో బాబును అప్పగించుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నాక, "బస్టాండులో అమ్మ చేయి వదిలి నాన్న చేయి పట్టుకోవడం వాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి" అని ఆమె అడిగారు. బావగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత తానే ఇంటికి వచ్చి తీసుకువెళతానన్నారు. భోగి ఒకరి ఇంట, కనుమ మరొకరి ఇంట, మరుసటి ఏడు అటుదిటు. ఆయాసానికి వాడే ఇన్‌హేలరు రెండు ఇళ్లలోనూ ఒక్కొక్కటి. రాత్రి ఎనిమిదికి ఫోను. కోర్టు ఉత్తర్వులో ఇంత సూక్ష్మంగా రాయించుకోవడం అరుదు.

అయితే మధ్యవర్తి విడాకులు ఇవ్వలేరు. ఒప్పందం కుదిరాక హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద ఇద్దరూ కలిసి కోర్టులో పిటిషను వేయాలి, అప్పటికి ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండాలి. పిటిషను వేశాక ఆగవలసిన ఆరు నెలల గడువును తగిన పరిస్థితుల్లో కోర్టు మినహాయించవచ్చునని అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పిల్లల విషయంలో రాసుకున్నది కూడా శిలాశాసనం కాదు. బిడ్డ క్షేమం కోసం కోర్టు అదే చట్టం 26వ సెక్షను కింద దానిని మార్చగలదు. ఇవన్నీ మధ్యవర్తి ముందుగానే విడమరచి చెప్పారు.

ఇక లోపాలు. రాజీ పత్రం ఇంగ్లీషులో తయారైంది. చదివి తెలుగులో వివరించారన్నది నిజమే, కానీ జీవితాంతం దాచుకోవలసిన కాగితాన్ని అక్క ఇంకొకరి సాయం లేకుండా చదువుకోలేని స్థితి నాకు నచ్చలేదు. తెలుగు ప్రతి అడిగి తీసుకున్నాము, దానికి వేరుగా డబ్బు కట్టవలసి వచ్చింది. వేచి ఉండే గదికి, లోపలి గదికి మధ్య పలుచని చెక్క గోడ ఒక్కటే ఉండడంతో కొన్ని మాటలు బయటికి వినిపించాయి. గోప్యతే ప్రాణమైన చోట ఇది చిన్న లోపం కాదు. సారె సామాను, బంగారం జాబితా దగ్గర చర్చ గాడి తప్పి చాలా సమయం పోయింది. ఫీజు ఇద్దరూ చెరిసగం పెట్టుకున్నారు. ఆ స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, సహాయానికి ఫోను నంబరు 15100.

ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం కచ్చితం. దెబ్బలు తిన్న మనిషిని, బెదిరింపుల మధ్య బతుకుతున్న మనిషిని అందుకు కారణమైనవారి ఎదుట కూర్చోబెట్టి రాజీ మాట్లాడించడం అన్యాయం. మా మధ్యవర్తి ఉమ్మడి సమావేశానికి ముందే ఇద్దరితో విడివిడిగా మాట్లాడి ఈ సంగతి అడిగి తెలుసుకున్నారు. ఆ ప్రశ్న అడగని మధ్యవర్తి దగ్గరికి నేను ఎవరినీ పంపను.

వెళ్లదలచినవారు పిల్లల స్కూలు సెలవుల పట్టిక, ఇరువురి జీతం చీట్లు, ఇంటి అప్పు కాగితాలు, ఎవరి బంగారం ఎంతో రాసిన జాబితా వెంట తీసుకువెళితే మొదటి సమావేశం వృథా కాదు.