గ్లాస్ టాప్ స్టవ్‌కి అద్దం మార్పిస్తున్నారా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

గ్యాస్ స్టవ్ గ్లాసు పగిలితే ఫోన్‌లో వెతికి, కనిపించిన నంబరుకి కాల్ చేసి, వచ్చిన మనిషితో అద్దం వేయించుకోవద్దు. మేం అదే చేశాం. నలభై రోజులు తిరిగేసరికి ఆ అద్దం మళ్ళీ పగిలి మా అత్తయ్య కాలి మీద పడింది. ఐదు కుట్లు పడ్డాయి. ఆవిడకి షుగర్. ఆ పుండు మానడానికి ఎన్ని రోజులు పట్టిందో, ఆ రోజుల్లో మా ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని మొదటి నుంచీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడ. స్టవ్ మూడు బర్నర్లది, కొని నాలుగేళ్ళయింది. మంచి కంపెనీదే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. భోగికి మూడు రోజుల ముందు అరిసెలు మొదలుపెట్టాం. ఒక బర్నర్ మీద అత్తయ్య వాళ్ళ అమ్మగారి నాటి వెడల్పాటి ఇత్తడి గిన్నెలో పాకం, పక్కదాని మీద నూనె మూకుడు. రెండున్నర గంటలు ఆపకుండా మండింది. మధ్యలో పాకం పొంగి గ్లాసు మీద పడితే, గట్టిపడిపోతుందని గబగబా తడిబట్టతో తుడిచేశాను. అప్పుడు ఏమీ కాలేదు. స్టవ్ ఆపేసి, మూకుడు దించేసి, అరిసెల పళ్ళెం ముందు గదిలోకి తీసుకెళ్ళాం. పది నిమిషాల తర్వాత వంటింట్లోంచి టపాకాయ పేలినట్టు శబ్దం.

వెళ్ళి చూస్తే గ్లాసు మొత్తం పటికబెల్లం పలుకుల్లా అయిపోయి ఉంది. గట్టు మీద, నేల మీద, సింకులో అంతటా అవే. మేం చూస్తుండగానే కొన్ని పలుకులు ఇంకా చిటపటమంటూ విడిపోతున్నాయి. మా ఆయన చెప్పులేసుకుని వెళ్ళి ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశారు. మిగిలిన చలిమిడి గిన్నె మూత తీసే ఉంది. పైన ఒక పలుకు మెరుస్తూ కనిపించింది. ఒక్కటి కనిపించిందంటే లోపల ఎన్ని ఉన్నాయో తెలియదు కదా, గిన్నెడు చలిమిడీ పారబోశాం. మీకూ ఎప్పుడైనా ఇలా జరిగితే మూత లేని తిండి ఏదున్నా మొహమాటపడకుండా పడేయండి.

ఆ పలుకులు ఏరేటప్పుడు నాకు ఒక్క గాటు కూడా పడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

పండగ ముందు స్టవ్ లేకపోతే ఇల్లు నడవదు. మా ఆయన ఫోన్‌లో కంపెనీ పేరు, పక్కన "సర్వీస్ సెంటర్ విజయవాడ" అని కొట్టి వెతికారు. మొదట వచ్చిన నంబరుకి చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు, మోడల్ అడిగారు, రేపు పొద్దున్నే మనిషిని పంపిస్తామన్నారు. మేం కంపెనీ వాళ్ళతోనే మాట్లాడుతున్నాం అనుకున్నాం. వారంటీ కార్డు బీరువాలోనే ఉంది, దాని మీద అసలు కస్టమర్ కేర్ నంబరు ఉంది. తీసి చూసుకుని ఉంటే రెండు నిమిషాల పని.

మర్నాడు ఒక కుర్రాడు బండి మీద గోనెపట్టాలో చుట్టిన అద్దం పట్టుకొచ్చాడు. మెడలో ఐడీ కార్డు లేదు. "కంపెనీ గ్లాసేనా బాబూ?" అని అత్తయ్య అడిగింది. "ఒరిజినలే అమ్మమ్మా, గోడౌన్ నుంచి తెచ్చాను" అన్నాడు. పైన నల్లగా, అంచుల్లో పువ్వుల డిజైనుతో పాతదానిలాగే ఉంది. బిగించబోతే ఒక బర్నర్ రంధ్రం సరిపోలేదు. వాడు బ్యాగులోంచి చిన్న గ్రైండర్ తీసి, మెట్ల మీద కూర్చుని నీళ్ళు చల్లుకుంటూ ఆ రంధ్రం అంచు అరగదీశాడు. తెల్లటి పొడి మెట్ల నిండా పడింది. నేనే చీపురు తెచ్చి ఊడ్చాను. పని తెలిసిన కుర్రాడే అనుకున్నాను కూడా.

ఆ గ్రైండర్ చూసిన క్షణంలోనే నేను పని ఆపించాల్సింది. ఎందుకో చెబుతాను.

స్టవ్‌కి వాడాల్సింది టఫెన్డ్ గ్లాసు. మామూలు అద్దాన్ని ముందే కొలతకి కోసి, రంధ్రాలు చేసి, అంచులు నున్నగా చేసి, ఆ తర్వాత 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, రెండు వైపులా చల్లగాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర బిగుసుకుపోతుంది, లోపలి పొర దాన్ని లాగిపట్టుకుని ఉంటుంది. ఆ బిగువు వల్లే మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్ల గట్టిదనం వస్తుంది. మామూలు అద్దంలో ఒకచోటికీ ఇంకోచోటికీ 40 డిగ్రీల తేడా వస్తేనే చిట్లే ప్రమాదం ఉంది, ఇది 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కానీ ఒకసారి అలా తయారయ్యాక దాన్ని కోయలేరు, రంధ్రం పెద్దది చేయలేరు. గ్రైండర్ పెట్టి కోత పెడితే ఆ బిగువు తెగిపోయి మొత్తం పలుకులైపోతుంది. మా మెట్ల మీద ఆ అద్దం హాయిగా అరిగింది. అంటే అది టఫెన్డ్ కాదు. కిటికీలకి వేసే మామూలు అద్దానికి కింద నల్ల స్టిక్కరు అంటించి తెచ్చాడు.

పగిలేటప్పుడు కూడా రెండింటికీ తేడా ఉంది. టఫెన్డ్ గ్లాసు మొక్కజొన్న గింజలంత మొద్దు పలుకులుగా విడిపోతుంది. అది కూడా గుచ్చుకోదని కాదు, కానీ పెద్ద గాయం చేయడం తక్కువ. మామూలు అద్దం చాకుల్లా, బల్లేల్లా చీలుతుంది.

బిగించడం అయ్యాక 1,850 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు అడిగితే "వాట్సాప్‌లో వస్తుంది మేడమ్" అన్నాడు. ఇవాళ్టికీ రాలేదు. డబ్బు ఫోన్‌లోనే పంపాం, స్క్రీన్ మీద వచ్చింది కంపెనీ పేరు కాదు, ఎవరిదో మనిషి పేరు. అదీ చూశాం, చూసి ఊరుకున్నాం. పోతూ పోతూ పాత పలుకుల సంచి కూడా తానే పట్టుకుపోయాడు. సాయం చేస్తున్నాడనుకున్నాం. కంపెనీకి చూపించడానికి మా దగ్గర ఏమీ మిగలలేదు.

మొదటి వారం స్టవ్ వెలిగించినప్పుడల్లా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేది. ఫోన్ చేస్తే కొత్తది కదా, పోతుందన్నారు. మంట కూడా మారింది. ఇదివరకు నీలంగా నిలకడగా ఉండేది, ఇప్పుడు కొసలు పసుపుపచ్చగా ఊగుతున్నాయి. గిన్నెల అడుగు మసి పట్టడం మొదలైంది. పనమ్మాయి రెండుసార్లు చెప్పింది, "అక్కా, ఈ మధ్య గిన్నెలు తోమలేకపోతున్నా" అని. సిలిండర్ అయిపోవస్తోందేమో అనుకున్నాను తప్ప స్టవ్ మీదికి నా మనసు పోలేదు.

ఫిబ్రవరి ఆఖరి వారం. పొద్దున ఏడున్నర. కుక్కరు ఒక బర్నర్ మీద, పాలు ఇంకోదాని మీద. అత్తయ్య కాఫీ కలుపుకోవడానికి గట్టు దగ్గర నిలబడింది. ఈసారి టపాకాయ శబ్దం కాదు, గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు. గ్రైండర్ పెట్టిన ఆ రంధ్రం దగ్గర మొదలై ముందు అంచుదాకా పగులు వచ్చింది. కుక్కరు ఒరిగింది, ఆ బరువుకి ముందు ముక్క విడిపోయి జారి నేరుగా ఆవిడ పాదం మీద పడింది. జానెడు పొడవు, కొస సూదిలా ఉంది. కింద స్టిక్కరు ఇంకా దానికి అంటుకునే ఉంది, బర్నర్ దగ్గర ఆ స్టిక్కరు కమిలి ముడుచుకుపోయి ఉంది. మొదటి వారం మేం పీల్చిన వాసన అదే.

మరిగే పాలు అటు ఒలకలేదు. కుక్కరు కింద పడలేదు. ఆ రెండూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక గ్యాస్ ఏజెన్సీకి చెప్పి మెకానిక్‌ని పిలిపించాం. పెద్దాయన, ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. స్టవ్ తిరగేసి చూపించాడు. బర్నర్‌కి గ్యాస్ తీసుకెళ్ళే గొట్టం, దాని ముందు సన్నటి రంధ్రంలోంచి గ్యాస్ చిమ్మే జెట్టు ఎదురెదురుగా తిన్నగా ఉండాలట. ఆ కుర్రాడు వంకరగా బిగించాడు. గాలి సరిగ్గా కలవక మంట పసుపు రంగుకి తిరిగింది, మసి అందుకే. వంకరగా ఉన్న చోట కొంత మంట గ్లాసు కింద కూడా అంటుకుని ఉంటుందని, కింది రేకు మీద నల్లటి చార చూపించాడు. ట్యూబు తగిలించిన చోట సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వచ్చాయి. సన్నగా గ్యాస్ లీకవుతోంది! గాలి కన్నా బరువు కాబట్టి ఈ గ్యాస్ కిందికి దిగి నేల వారన పేరుకుంటుంది. రాత్రి తలుపులన్నీ వేసుకుని పడుకునే ఇల్లు మాది. "అదృష్టం బాగుందమ్మా" అన్నాడాయన, ఇంకేమీ అనలేదు.

మొదటి గ్లాసు ఎందుకు పోయిందో కూడా ఆయనే చెప్పాడు. వెడల్పు గిన్నె పెడితే మంట వేడి పైకి పోయే దారి లేక గిన్నె అడుగు తగిలి గ్లాసు మీదికి తిరుగుతుంది. గంటల తరబడి అలా కాగిన గ్లాసు మీద తడిబట్ట వేశాను. అప్పుడే పగలాలని లేదు, కంటికి కనపడని చిన్న దెబ్బ తగిలి ఉంటే చల్లారేటప్పుడు కూడా పోతుందన్నాడు. అది మా పొరపాటు, ఒప్పుకుంటాను. పెద్ద వంటలకి విడిగా ఇనుప పొయ్యి పెట్టుకోండి. ఏది ఒలికినా గ్లాసు చల్లారేదాకా ఆగండి, పాకం గట్టిపడితే పడనివ్వండి, గోరువెచ్చని నీళ్ళతో తర్వాత వస్తుంది.

అప్పుడు వారంటీ కార్డు తీసి అసలు కంపెనీకి ఫోన్ చేశాం. మాకు వచ్చినవాడు వాళ్ళ మనిషి కాదని, మేం చేసిన నంబరు వాళ్ళది కాదని చెప్పారు. గ్లాసు వారంటీ ఎప్పుడో అయిపోయింది. కానీ స్టవ్ అడుగున స్టిక్కరు మీద ఉన్న మోడల్ నంబరు చెబితే అసలు గ్లాసు డబ్బులిచ్చి వేయించుకోవచ్చట. ఆ మాట జనవరిలోనే తెలిసేది. ఆ కుర్రాడి నంబరు ఇప్పుడు ఎత్తరు, వేరే ఫోన్ నుంచి చేస్తే రాంగ్ నంబర్ అంటారు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేయవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. కానీ ఎవరి మీద వేయాలి? బిల్లు లేదు, షాపు పేరు లేదు, చిరునామా లేదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, కాల్ లిస్టులో ఒక నంబరు, కవర్లో పెట్టి దాచిన ఆ జానెడు ముక్క, మా దగ్గర ఉన్నవి ఇవే. అందుకే బిల్లు చేతికి వచ్చాకే డబ్బివ్వండి. బిల్లు మీద "టఫెన్డ్ గ్లాసు" అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే అర్థం చేసుకోండి.

గ్లాసు బిగించే ముందు మీ చేత్తో తిప్పి చూడండి. చాలా టఫెన్డ్ గ్లాసులకి ఒక మూల చెరగని చిన్న ముద్ర ఉంటుంది, గోరుతో గీకితే పోదు. రంధ్రాల లోపలి అంచు కూడా వేలికి నున్నగా తగలాలి. మాదాంట్లో గరుకుగా ఉంది, బట్ట తగులుకునేది. ఎండకి పెట్టుకునే పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఇంట్లో ఉంటే అవి పెట్టుకుని, గ్లాసు మీద ఆకాశపు వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. టఫెన్డ్ అయితే మామూలుగా మచ్చలు మచ్చలుగానో చారలుగానో నీడలు కనిపిస్తాయి. కింద స్టిక్కరు వేసి ఉంటే ఇవేవీ సరిగ్గా తెలియవు, అలాంటిది అసలు తీసుకోకండి. ఇక మీ గుమ్మంలో ఎవరైనా స్టవ్ గ్లాసుకి కట్టరో, డ్రిల్లో, గ్రైండరో పెడితే, మిగతా ఏమీ చూడక్కర్లేదు, పంపించేయండి.

ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. దాని పైపలక సిరామిక్ గ్లాసు, అది పలుకులవదు, గీతలా చిట్లుతుంది. గీతే కదా అని టేపు వేసి, గమ్ పెట్టి వాడేవాళ్ళని చూశాను. ఆ గీతలోంచి నీళ్ళు దిగితే కింద ఉన్నది కరెంటు. ప్లగ్గు తీసి పక్కన పెట్టేయండి, పలక మారేదాకా ముట్టుకోకండి.

మేం ఇప్పుడు స్టీలు స్టవ్ కొనుక్కున్నాం, ఐఎస్ఐ ముద్ర చూసి. గ్లాసుది కొనొద్దని నేను చెప్పను, మా చెల్లి ఇంట్లో తొమ్మిదేళ్ళుగా బాగానే ఉంది. అత్తయ్య ఉన్న ఇంట్లో నాకు మాత్రం ఇక ధైర్యం లేదు.

మీరు ఇంతకుముందే బయటివాళ్ళతో గ్లాసు మార్పించి ఉంటే, ఈ రాత్రి వంట అయ్యాక రెగ్యులేటర్ కట్టేసి, స్టవ్ పూర్తిగా చల్లారాక కిందికి వంగి టార్చితో చూడండి. స్టిక్కరు కమిలి ఉందా, రంధ్రాల అంచు గరుకుగా ఉందా, వంట చేసేటప్పుడు మంట పసుపుగా వచ్చిందా? ఒక్కటి అవునన్నా, పొద్దున కంపెనీ మనిషికో గ్యాస్ ఏజెన్సీకో చెప్పి చూపించేదాకా ఆ స్టవ్ వెలిగించకండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం పొద్దునదాకా ఆగకండి. స్విచ్చులేవీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్ళి 1906కి ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా ఎత్తుతారు.