మూత ఎగిరిన ఐదు లీటర్ల కుక్కర్: ఒక్క స్టార్

కంపెనీ పేరు రాయడం లేదు, కేసు నడుస్తోంది.

మాది నెల్లూరు, చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఈ అల్యూమినియం కుక్కర్ టీ నగర్ రంగనాథన్ వీధిలో పాత్రల కొట్లో తీసుకున్నాం. ఆరు నెలలు బాగానే పనిచేసింది, పప్పు త్వరగా ఉడికేది, అడుగంటేది కాదు. ఏడో నెలలో ఒకరోజు అత్తయ్య కందిపప్పు పెడితే ఎంతసేపటికీ విజిల్ రాలేదు. స్టవ్ ఆపి, పది నిమిషాలు ఆగి వెయిట్ ఎత్తితే ఆవిరి చప్పుడే లేదు, ప్రెషర్ పోయిందనుకుని పిడి తిప్పారు, అంతే, మూత ఎగిరి పప్పంతా ఆవిడ కుడిచేతి మీద, మెడ మీద పడింది. కీల్పాక్ ప్రభుత్వ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాం.

కంపెనీ మనిషి వచ్చి చూసి, వెయిట్ గొట్టంలో పప్పు అడ్డుపడింది, మీరు కడుక్కోలేదు అన్నాడు. అడ్డుపడే ఉంటుంది. కానీ ఆ దారి మూసుకుపోతే ఆవిరిని బయటికి వదలడానికే కదా మూత మీద సేఫ్టీ వాల్వ్ ఉండేది? మా వాల్వ్ తెరుచుకోనేలేదు, చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఐఎస్‌ఐ గుర్తు ఉంది, 2021 ఫిబ్రవరి నుంచి కుక్కర్లకు అది తప్పనిసరి, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల కేర్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్స్ నంబరు కూడా సరైనదే.

తర్వాత అతను, కొత్త కుక్కర్ ఇస్తాం, పాతది ఇచ్చేయండి అన్నాడు. దయచేసి ఎవరూ ఇవ్వకండి! మా ఆయన ఇచ్చేయబోతుంటే కింద పోర్షన్‌లో ఉండే లాయరు గారు ఆపారు. లోపం తేల్చడానికి వినియోగదారుల కమిషన్ ల్యాబుకు పంపేది ఆ కుక్కర్‌నే. మూత, గ్యాస్కెట్, వాల్వ్, కొట్టు బిల్లు, డిశ్చార్జి కాగితాలు అన్నీ సంచిలో కట్టి అటక మీద పెట్టాం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు లోపం వల్ల గాయమైతే తయారుచేసినవాళ్ల మీద పరిహారం అడగొచ్చు. తయారీలో, డిజైన్‌లో లోపమే కాదు, హెచ్చరికలు సరిగా ఇవ్వకపోయినా వాళ్లదే బాధ్యత. మా బుక్‌లెట్‌లో గొట్టం మూసుకుపోతే ఎలా తెలుస్తుందో ఒక్క ముక్క లేదు. రెండేళ్ల లోపు, మనం ఉండే ఊళ్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మేమూ అలాగే మొదలుపెట్టాం.

అత్తయ్య చెయ్యి ఇంకా పూర్తిగా మడవడం లేదు. పప్పు ఇప్పుడు గిన్నెలోనే ఉడికిస్తున్నాం, గంట పట్టినా సరే.