లండన్‌లో కన్నుమూసిన పూర్వికుని మరణ పత్రం: ఇంగ్లండ్ జనరల్ రిజిస్టర్ ఆఫీసు నకళ్ల సేవపై సమీక్ష

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జూలై 1 నుంచి నమోదైన జనన, మరణ, వివాహాల నకళ్లను అక్కడి జనరల్ రిజిస్టర్ ఆఫీసు రుసుముపై ఇస్తుంది. దరఖాస్తు చేసేవారు ఆ దేశస్థులై ఉండనక్కరలేదు, మృతునికి వారసులమని రుజువు చూపనక్కరలేదు. బారిష్టరు చదువుకని వెళ్లి 1912లో లండన్‌లోనే పోయిన మా ముత్తాతగారి తమ్ముని మరణ పత్రాన్ని నేను ఈ సేవ ద్వారానే తెప్పించుకున్నాను. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఇంగ్లండ్‌కు వెళ్లి తిరిగిరాని మనిషి గురించి చెప్పుకొనే తెలుగు కుటుంబాలు మరికొన్ని తప్పక ఉంటాయి కనుక, సేవ ఎలా ఉందన్నదానితో పాటు వచ్చిన కాగితాన్ని ఎలా చదవాలన్నది కూడా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నకళ్లు మూడు రకాలు. 2024 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల ప్రకారం ముద్ర వేసిన కాగితపు ధ్రువపత్రం పన్నెండున్నర పౌండ్లు, పీడీఎఫ్ ఎనిమిది పౌండ్లు, వెంటనే తెరమీద కనిపించే డిజిటల్ చిత్రం మూడు పౌండ్లు. అయితే మరణాలకు సంబంధించి ఈ చౌక చిత్రం 1887 వరకే దొరుకుతుంది. ఆ తరువాతి వాటికి, 1957 దాకా, పీడీఎఫ్ తీసుకోవాలి. పీడీఎఫ్‌కు చట్టపరమైన సాక్ష్యపు విలువ లేదు. ఆస్తి తగాదాలకో కోర్టు పనులకో అయితే కాగితపు ప్రతి తప్పదు గాని, వంశచరిత్ర తెలుసుకోవడానికి పీడీఎఫ్ సరిపోతుంది. అందులో ఉండేది అచ్చు వేసిన సారాంశం కాదు, నాటి చేతిరాత చిత్రమే.

అసలు కష్టం ఆర్డరు పెట్టడానికి ముందే, ఆ ఆఫీసు వెబ్‌సైటులోని పేర్ల సూచికలో వెతికేటప్పుడే ఎదురవుతుంది. మరణ రిజిస్టరులో పేరుకు, ఇంటిపేరుకు కలిపి ఒకే గడి ఉంటుంది. సూచిక తయారు చేసినవారు సహజంగానే చివరి మాటను ఇంటిపేరుగా తీసుకున్నారు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది కదా, అందువల్ల మనవారు సూచికలో ‘రావు’, ‘నాయుడు’, ‘శాస్త్రి’, ‘మూర్తి’ అన్న మాటల కింద చేరిపోతారు. అసలు ఇంటిపేరు మొదటి పేరుగానో, ఒంటి అక్షరంగానో మిగులుతుంది. మా ముత్తాతగారి తమ్ముడు దొరికింది ‘రో’ అని పలికేలా రాసిన ‘రావు’ కింద. కాబట్టి ఇంటిపేరుతో వెతికి లేదని నిరాశపడవద్దు. పేరు చివరి భాగంతో, స్పెల్లింగు మార్చి మార్చి, సంవత్సరానికి ఇటు రెండేళ్లు అటు రెండేళ్లు అవకాశమిచ్చి వెతకాలి. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లను కూడా చూపే వెసులుబాటు అక్కడ ఉంది, అది మన పేర్లకు ఎంతో మేలు చేస్తుంది. స్వచ్ఛంద కార్యకర్తలు సిద్ధం చేసిన ఫ్రీబీఎండీ అనే ఉచిత సూచికలోనూ సరిచూసుకోవడం మంచిది. రెండు సూచికలను వేర్వేరు మనుషులు చదివి రాశారు గనుక ఒకదానిలో చెడిన పేరు రెండవదానిలో బాగుండవచ్చు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచికలో 1958 నుంచి 1983 వరకు మరణాలు లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక వచ్చిన పత్రం సంగతి. ఒక్క వరుస, దానిలో కొన్ని గడులు, అంతే. ప్రతి గడిలోని సమాచారం ఎవరి నోటి నుంచి వచ్చిందో విడదీసుకుంటే తప్ప ఆ వరుస అర్థం కాదని నా నిశ్చితాభిప్రాయం. జబ్బు పేరు వైద్యుడు చెప్పింది. వయసు, వృత్తి, చిరునామా రిజిస్ట్రారుకు మరణ కబురు తెచ్చిన మనిషి చెప్పినవి. వాటిని గడుల్లోకి ఎక్కించింది మాత్రం ఆ పేర్లు ఎన్నడూ విని ఉండని రిజిస్ట్రారు.

మా పత్రంలో వయసు 24 అని ఉంది. ఇంట్లో ఉన్న జాతకం ప్రకారం ఆయనకు అప్పటికి ఇరవై రెండు కూడా నిండలేదు. ఇది వేరే మనిషి పత్రమేమోనని మా ఇంట్లో కొందరు అనుమానించారు. వృత్తి గడి ఆ అనుమానాన్ని తీర్చింది. ఆసుపత్రిలో పోయినవారి విషయంలో మరణస్థలం గడిలో ఆసుపత్రి పేరు రాసి, మామూలుగా ఉండే ఇంటి చిరునామాను వృత్తి గడిలో చేర్చే అలవాటు అక్కడి రిజిస్ట్రార్లకు ఉండేది. ఆ విధంగానే ఇక్కడ ‘సౌత్ కెన్సింగ్టన్, 21 క్రామ్‌వెల్ రోడ్డు వాస్తవ్యుడు, న్యాయశాస్త్ర విద్యార్థి’ అని ఉంది. ఆ ఇల్లు 1910 నుంచి లండన్‌కు వచ్చే భారతీయ విద్యార్థుల వసతిగృహంగా ఉండేది. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల తలమీద ఉన్నదీ అదే చిరునామా.

కబురు తెచ్చినవారి గడిలో వేరొక భారతీయుని పేరు, అదే వసతిగృహం చిరునామా, పక్కన ‘శవాన్ని ఖననం చేయిస్తున్న వ్యక్తి’ అనే అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. మా పెద్దమ్మ ఈ మాట విని చాలా బాధపడింది, దహనం చేయలేదా అని. నిజానికి అది అంత్యక్రియల వివరం చెప్పే మాట కాదు. మరణాన్ని నమోదు చేయించే అర్హత ఎవరెవరికి ఉందో 1874 నాటి చట్టం జాబితా ఇచ్చింది: దగ్గర ఉన్న బంధువులు, మరణ సమయంలో హాజరైనవారు, ఇంటి యజమాని, ఇంట్లో నివసించేవారు, చివరగా అంత్యక్రియలు చేయిస్తున్నవారు. బంధువు ఎవరూ లేని ఊళ్లో స్నేహితుడు ఏ హోదాలో వచ్చి సంతకం పెట్టాడో ఆ మాట చెబుతుంది. దహనమా ఖననమా అన్నది తేల్చేవి శ్మశానాల రికార్డులు. తోటి విద్యార్థి జాతకం చూసి ఉండడు గదా, కాబట్టి వయసులో వచ్చిన తేడాకు కూడా ఈ గడిలోనే జవాబు ఉంది. ఇలాంటి పత్రాల్లో ‘ఇన్‌మేట్’ అని కనిపిస్తే ఖైదీ అని కంగారుపడవద్దు, ఆ ఇంట్లో ఉండే మనిషి అనే అర్థం.

అన్నిటికన్నా చిక్కు పెట్టింది మరణ కారణం. డబ్బు తీసుకొని పాత రాతలు చదివిపెట్టే ఒక సంస్థకు ఈ గడి పంపితే, రక్తనాళాల వాపు అని చదివి పంపారు. మా ఊళ్లోని ఛాతీ వైద్యుడు దానిని ఒప్పుకోలేదు. రెండో పంక్తిలో ఉన్నది ‘హెమాప్టిసిస్’ అని, అంటే దగ్గుతో రక్తం పడటమని స్పష్టంగా కనిపిస్తుండగా, మొదటి పంక్తిలో ‘పీ’ అక్షరంతో మొదలయ్యే మాట ‘థైసిస్’ (ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి ‘పీ’ పలకదు) తప్ప మరొకటి కాజాలదని చెప్పారు. అది క్షయకు నాటి వైద్యులు వాడిన పేరు. ఆసుపత్రి కూడా క్షయ రోగులకు పేరుపడ్డదే. ఆ కింద ఉన్న ‘నో పీ.ఎం.’ అంటే శవపరీక్ష జరగలేదని, ‘సర్టిఫైడ్’ అంటే వైద్యుని లిఖితపూర్వక ధ్రువీకరణ ఉందని అర్థం. ఎం.ఆర్.సి.ఎస్., ఎల్.ఆర్.సి.పి. అనేవి ఆ వైద్యుని పట్టాలు. అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి అయిన కరోనరు విచారణ జరిగి ఉంటే ఆ సంగతి కబురు తెచ్చినవారి గడిలో కనిపించేది.

జబ్బు పేరు పక్కన ‘14 నెలలు’ అని ఉంది. జబ్బు ఎంతకాలంగా ఉందో చెప్పే ఆ అంకెను చాలామంది పట్టించుకోరు. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకొన్నది, చలి పడక ఉన్నట్టుండి జ్వరమొచ్చి పోయాడని. ఆ పద్నాలుగు నెలల్లోనూ తాను కులాసాగా ఉన్నానని, చదువు సాగుతోందని ఆయన తల్లికి రాసిన ఉత్తరాలు మా దగ్గర ఉన్నాయి. ఎనిమిది పౌండ్లకు వచ్చిన కాగితంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ అంకె.

సేవలో లోపాలు లేకపోలేదు. పత్రంతో పాటు సంక్షేపాలకు గాని, గడుల వెనుక ఉన్న నియమాలకు గాని వివరణ ఏదీ రాదు. అంతకన్నా ముఖ్యమైన పరిమితి ఒకటుంది: జనరల్ రిజిస్టర్ ఆఫీసు దగ్గర ఉన్నవి స్థానిక రిజిస్ట్రార్లు మూడు నెలలకొకసారి ఎత్తిరాసి పంపిన ప్రతులు. ఎత్తిరాతలో అక్షరాలు మారి ఉండవచ్చు, కబురు తెచ్చినవారి అసలు సంతకం కూడా అందులో ఉండదు. పెద్దవారి మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు లేకపోవడం మరొక లోటు. స్కాట్లండ్‌లో 1855 నుంచీ మరణ నమోదులో తల్లి పేరూ తండ్రి పేరూ రాస్తారు కనుక, ఎడింబరోలో వైద్యం చదువుతూ పోయినవారి కుటుంబాలకు పని కొంత తేలిక. అవి స్కాట్లండ్స్ పీపుల్ అనే వేరే సేవలో దొరుకుతాయి. లండన్ న్యాయ విద్యార్థుల విషయంలో ఈ లోటును వారు చేరిన ఇన్ (బారిష్టర్లను తయారుచేసే న్యాయ సంస్థ) ప్రవేశ రిజిస్టరు పూరిస్తుంది, అందులో తండ్రి పేరు ఉంటుంది.

మరణ సంవత్సరం, పేరు చివరి భాగం తెలిసినవారు నిస్సంకోచంగా పీడీఎఫ్ తెప్పించుకోవచ్చు. సూచికలోని జిల్లా పేరు, సంపుటం, పుట సంఖ్య పొల్లుపోకుండా రాసి పంపితే అదనపు వెతుకులాట రుసుము పడదు. ఏదైనా మాట ఎంతకూ తెగకపోతేనే అసలు రిజిస్టరు ఉన్న స్థానిక కార్యాలయానికి రాయాలి. అప్పుడు జనరల్ రిజిస్టర్ ఆఫీసు సంఖ్యలు అక్కడ పనికిరావు గనుక, పూర్తి పేరు, మరణించిన తేదీ, ఆసుపత్రి పేరు పంపాలి. నేను ఆ స్నేహితుని సంతకం కోసం అక్కడికి దరఖాస్తు పెట్టాను.