సింగపూర్ నుంచి కేఎల్‌కి అమ్మతో బస్సులో: సీటుకి ఐదు స్టార్లు, బోర్డర్‌కి రెండు

అమ్మ జంగారెడ్డిగూడెం నుంచి నెల రోజులకి సింగపూర్‌లో నా దగ్గరికి వచ్చింది, కౌలాలంపూర్ (కేఎల్) కూడా చూపిద్దాం అనుకున్నా. ఫ్లైట్ గంటే కానీ ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌కి ముందుగా వెళ్ళాలి, అక్కడ దిగాక ఊళ్ళోకి ఇంకో యాభై కిలోమీటర్లు, అదీకాక అమ్మకి కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళు చూసుకుంటూ వెళ్ళడం ఇష్టం, అందుకే బస్సు బుక్ చేశా. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముందు సీటు గురించి చెప్పాలి. ఒక పక్క రెండు, ఇంకో పక్క ఒకటి, వరసకి మూడే సీట్లు, కాళ్ళ కింద రెస్టు బయటికొస్తుంది, వెనక్కి వాల్చినా వెనకాల వాళ్ళు విసుక్కోరు. మనిషికి 45 సింగపూర్ డాలర్లు పెట్టా. ఇంకా చవకవి ఉన్నాయి కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఆ పది పదిహేను డాలర్ల దగ్గర చూసుకోవద్దు, 350 కిలోమీటర్లంటే మాటలు కాదు. ఏసీ మాత్రం చాలా ఎక్కువ, శాలువా చేతి సంచిలోనే పెట్టుకోండి, కింద డిక్కీలో వేసేస్తే మళ్ళీ తీయనివ్వరు.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి బీచ్ రోడ్‌లో ఎక్కాం. మా బస్సు పాత బోర్డర్ దారి వుడ్‌ల్యాండ్స్ వైపు కాకుండా తువాస్ సెకండ్ లింక్ మీదుగా వెళ్ళింది, రెండు దేశాల మధ్య 1998లో తెరిచిన రెండో దారి, బ్రిడ్జి అది, ఊరికి దూరం కాబట్టి రద్దీ తక్కువ. సింగపూర్ వైపు పాస్‌పోర్ట్ పట్టుకుని దిగితే చాలు, మలేషియా వైపు మాత్రం సామాన్లన్నీ దింపి స్కానర్‌లో పెట్టాలి. రెండూ కలిపి గంటలోపే అయిపోయింది.

ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి 2023 డిసెంబర్ 1 నుంచి మలేషియా 30 రోజుల దాకా వీసా అడగట్లేదు, కానీ ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపుకోవాలి. అది ఫ్రీ, డబ్బులడిగే సైట్లు కనిపిస్తే అవి అసలువి కాదని అర్థం. ఇంకో ముఖ్యమైన సంగతి, పేరెంట్స్ సింగపూర్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో బయల్దేరే ముందే చూడండి, సింగిల్ ఎంట్రీ అయితే వెళ్ళగలరు కానీ తిరిగి రాలేరు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళకి సింగపూర్ అరైవల్ కార్డు కూడా మళ్ళీ నింపాలి.

బోర్డర్ దాటాక ఇంక రోడ్డే రోడ్డు, నార్త్ సౌత్ ఎక్స్‌ప్రెస్‌వే, గతుకన్నది లేదు. జోహోర్ రాష్ట్రమంతా రెండు పక్కలా పామాయిల్ తోటలే. నేను కాస్త కునుకు తీస్తుంటే అమ్మ భుజం తట్టి "ఏరా, ఇవి మన పామాయిల్ తోటలే కదరా" అంది. ఒక లారీ నిండా గెలలు, ఎర్రగా పండినవి, మా బస్సు పక్కనే కొంచెంసేపు వెళ్ళింది, అమ్మ అద్దానికి ముఖం ఆనించి మరీ చూసింది. "గెల బానే ఊరింది, ఇక్కడ టన్ను ఎంతకి కొంటున్నారో" అని అడిగింది, నాకు తెలీదు. వందేళ్ళ కిందట మన తెలుగువాళ్ళు కూడా ఈ దేశంలో తోటల్లో పనికి వచ్చినవాళ్ళే, వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ ఇక్కడున్నారు అని చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫ్లైట్‌లో వెళ్ళుంటే ఇది ఉండేది కాదు, నాకు ఈ ట్రిప్ మొత్తంలో మిగిలింది ఆ అరగంటే.

యోంగ్ పెంగ్‌లో భోజనానికి అరగంట ఆపాడు. శాకాహారులు జాగ్రత్త, నాసి లెమాక్ చూడ్డానికి కొబ్బరన్నంలా ఉంటుంది కానీ పక్కనేసే సాంబల్ అనే కారంలో నెత్తళ్ళుంటాయి (చిన్న చేపలు). మన పరోటా లాంటి రోటీ చనాయ్ తీసుకుని పప్పు కూర మాత్రమే వేయమని అడగండి, అమ్మ రెండు తింది. టీ బావుంది, చక్కెర ఎక్కువ. చిల్లర రింగిట్లు (మలేషియా డబ్బు) ముందే మార్చి పెట్టుకోండి. పావు తక్కువ మూడుకి టీబీఎస్ బస్టాండ్‌లో దిగాం, అక్కడే ఎల్ఆర్‌టీ రైలు కూడా ఉంది కానీ సామానుందని గ్రాబ్ క్యాబ్ ఎక్కి బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళాం, అరిటాకు భోజనం దొరికే ఏరియా.

ఇంక తిరుగు ప్రయాణం. ఆదివారం మధ్యాహ్నం బస్సు తీసుకోవడం నా తప్పే, ఒప్పుకుంటా. రిటర్న్ టికెట్ అక్కడే రింగిట్లలో కొన్నా, తక్కువ పడింది, అదొక్కటే మంచి. ఈసారి వుడ్‌ల్యాండ్స్ దారి, 1924లో తెరిచిన కాజ్‌వే, అంటే నీళ్ళ మీదుగా వేసిన రోడ్డు, మొత్తం కిలోమీటర్ పైన ఇంకో యాభై మీటర్లు, ఆ ముక్క దాటడానికే గంటన్నర పట్టింది. జామ్‌కి కంపెనీ ఏం చేస్తుంది, దానికి నేనేం అనను. కానీ సింగపూర్ ఇమిగ్రేషన్ దగ్గర సామాన్లన్నీ దింపించి "ఇరవై నిమిషాలు" అని ఒక్క మాటనేసి డ్రైవర్ వెళ్ళిపోయాడు. అమ్మ క్యూలోనే నలభై నిమిషాలైంది, బయటికొచ్చేసరికి బస్సు లేదు. పెద్దావిడ ఉందని ఎక్కేటప్పుడే చెప్పా, ఫోన్ నంబర్ కూడా ఇచ్చా, ఒక్క కాల్ లేదు. రెండు సూట్‌కేసులు, అమ్మ ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని మెల్లగా మెట్లు దిగడం, నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 950 నంబర్ సిటీ బస్సెక్కి వుడ్‌ల్యాండ్స్ ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్‌కి వచ్చి ఇంటికి చేరాం.

కంపెనీకి మెయిల్ పెట్టా, ఆలస్యమైతే ఆగము అని టికెట్ వెనకాల రాసుంది అన్నారు. రాసుంది, నిజమే. అయినా టికెట్ అమ్మేటప్పుడు నోటితో చెప్పాలి, తర్వాత బస్సు ఎన్నింటికో చెప్పాలి, ఆ మాత్రం చేయనివాళ్ళకి నేను రెండు స్టార్లకి మించి ఇవ్వను.

మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తా, నాన్నని కూడా తీసుకుని. మంగళవారమో బుధవారమో పొద్దున బస్సు, రానూపోనూ తువాస్ వైపు వెళ్ళేదే, బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఏ చెక్‌పాయింట్ అని అడిగి మరీ.